రేపటి పూలు అమ్మే దుకాణం

మొయినాబాద్ చుట్టుపక్కల కాలేజీల్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తారు. "ఆంటీ, ఆన్‌లైన్ దుకాణాలు తయారుచేసే పని ఎట్లుంటది? నేర్చుకుంటే నౌకరి దొరుకుతదా?" అని అడుగుతారు. దొరుకుతుందనే చెబుతాను. ఎట్లుంటదన్న ప్రశ్నకు మాత్రం గుమ్మంలో నిలబడి జవాబు చెప్పడం కుదరదు. పోయిన ఏడాది పని మానేశాను కాబట్టి ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నా పేరు సునంద. మాది మొయినాబాదే. మా బాపు మిషన్ దవాఖానలో కాంపౌండరు. నేను డిగ్రీ అయ్యాక కంప్యూటర్ నేర్పే సెంటర్లో పాఠాలు చెప్పి, ఆ తర్వాత మెహదీపట్నంలో ఒక చిన్న కంపెనీలో చేరాను. చాలా ఏళ్ళకు మొయినాబాద్‌లోనే, చేవెళ్ల రోడ్డు మీద ఒక టైలర్ షాపు పైన గది కిరాయికి తీసుకుని సొంతంగా పని మొదలుపెట్టాను. మొదటి నుంచి చివరి దాకా చేసింది ఒకటే పని. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద ఆన్‌లైన్ దుకాణాలు తయారుచేయడం, అవి నడుస్తూ ఉండేలా చూసుకోవడం.

ఓపెన్ సోర్స్ అంటే కోడ్ అందరి ముందూ తెరిచి పెట్టి ఉంటుంది. ఎవరైనా తీసుకోవచ్చు, తమకు తగ్గట్టు మార్చుకోవచ్చు, బాగుచేసి మళ్ళీ నలుగురికీ ఇవ్వవచ్చు. నా కుటుంబం తిన్న అన్నంలో సగం, నేను ఎన్నడూ చూడని మనుషులు ఉచితంగా రాసిపెట్టిన కోడ్ వల్ల వచ్చిందే.

గాజుల కొట్టులో ఒక రోజు

మెహదీపట్నం కంపెనీ యజమాని జబ్బార్ సార్. చేరిన వారంలోనే ఒక గాజుల దుకాణం సైట్ నా చేతికి ఇచ్చారు. అంతకుముందు ఎవరో తయారుచేసినది. కొన్నవాళ్ళు సగానికి సగం గాజులు తిప్పి పంపుతున్నారట. నేను వెంటనే కంప్యూటర్ ముందు కూర్చుని కోడ్ తెరిచాను.

సార్ వెనక నుంచి వచ్చి, "సునందమ్మా, దుకాణం చూసినవా?" అన్నారు.

"సైట్ చూస్తున్న సార్."

"సైట్ గాదమ్మా, దుకాణం. పోయి ఒక దినం కూసో. చాయ్ తాగు. కొననీకి వచ్చినోళ్ళు ఏమడుగుతరో విను. కోడ్ యాడికి పోదు."

వెళ్ళి కూర్చున్నాను. వచ్చిన ప్రతి ఆడమనిషీ ముందు అడిగేది గాజు సైజే. "రెండూ నాలుగు ఉన్నయా? రెండూ ఆరు చూపియ్యి" అంటున్నారు. సైట్లో ఏముందో చెప్పనా? చిన్నది, మధ్యది, పెద్దది. చొక్కాలకు పెట్టినట్టు పెట్టారు. చేతికి పట్టని గాజులు తిరిగి రాక ఏమవుతాయి? ఆ మూడు మాటలు తీసేసి గాజుల సైజులు పెట్టడానికి గంట కూడా పట్టలేదు. కోడ్‌లో తప్పే లేదు. కోడ్ రాసినవాళ్ళు దుకాణం మెట్లు ఎక్కలేదు, అంతే.

జబ్బార్ సార్‌లో పెద్ద లోపం ఒకటి ఉండేది. కాదు అనడం ఆయనకు రాదు. దుకాణందారు ఏది అడిగినా "హో జాయేగా" అనేవారు. అయ్యేలా చేయడానికి మేము చచ్చేవాళ్ళం. పండుగ అమ్మకాలు జోరుగా సాగుతున్నప్పుడు సైట్ రంగులు మార్చమంటే కూడా ఒప్పుకునేవారు. నడుస్తున్న దుకాణాన్ని పండుగ ముందు ముట్టుకోకూడదని నేను ఆయన దగ్గరే, ఆయన చేసినదానికి విరుద్ధంగా నేర్చుకున్నాను. అయినా ఆయన్ను తలుచుకుంటే కృతజ్ఞతే కలుగుతుంది. ముందు దుకాణంలో కూర్చోమని చెప్పే యజమాని మళ్ళీ నాకు దొరకలేదు.

కనకమామిడి పద్మ

మొయినాబాద్‌లో గది తీసుకున్న కొత్తలో, ఒకరోజు పొద్దున పద్మ మెట్లెక్కి వచ్చింది. ఆమెదీ, ఆమె భర్త నర్సింలుదీ కనకమామిడిలో పూలతోట. ప్లాస్టిక్ కప్పుతో పాలీహౌస్ వేసి గులాబీలు, జెర్బెరాలు పెంచేవారు. బయట కొంత చామంతి. చుట్టూ ఫామ్‌హౌసులు, వాటిలో పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు. పూలు మండికి తీసుకెళ్ళి పడేసే బదులు సూటిగా అమ్ముకుందామని పట్నంలో ఎవరితోనో సైట్ చేయించుకున్నారు.

"అక్కా, ఈ సైట్ నన్ను అబద్ధాలకోరును చేస్తున్నది" అంది పద్మ, కుర్చీలో కూర్చోకముందే.

ఏమైందని అడిగాను.

"ఎన్ని పూలున్నయో రాయమంటది. ఎట్ల రాయాలె? ఇయ్యాల కోసినయి ఇయ్యాలనే పోతయి. జనం అడిగేది శనారానికి, వచ్చే శనారానికి. అవి ఇంక మొగ్గలే గాలేదు. నేనేం రాయాలె చెప్పు."

అప్పుడు నాకు అర్థమైంది. మా సాఫ్ట్‌వేర్‌కు తెలిసిన సరుకు బీరువాలో ఉండే సరుకు. చీర ఈ రోజు ఉంటే రేపూ ఉంటుంది. పద్మ అమ్మేది రేపటి పూలు. ముందు తయారుచేసినవాళ్ళు సరుకు గడిలో ఏదో పెద్ద అంకె పెట్టి చేతులు దులుపుకున్నారు. దాంతో సైట్ ఎన్ని ఆర్డర్లు వస్తే అన్నీ తీసుకుంటూ పోయింది.

జబ్బార్ సార్ మాట గుర్తుచేసుకుని తోటకు వెళ్ళాను. వారం మీద తోట ఎన్ని పూలు ఇస్తుందో పద్మ కంటిచూపుతో అంచనా వేస్తుంది. ఆ అంచనాను తేదీల వారీగా సైట్లో పెడితే, ఏ రోజుకు ఎన్ని ఆర్డర్లు తీసుకోవాలో సైటే చూసుకుంటుంది. ఇట్లాంటిది ముందే ఎవరైనా రాశారా అని వెతికాను. రాశారు. పోర్చుగల్‌లో ఒకాయన తన భార్య రొట్టెల దుకాణం కోసం రాసి, అందరికీ ఉచితంగా పెట్టాడు. రొట్టె కూడా పూవు లాంటిదే కదా. ఏ రోజుది ఆ రోజే.

దీన్ని ప్లగిన్ అంటారు. అసలు సాఫ్ట్‌వేర్‌ను కదిలించకుండా పక్కన తగిలించుకునే చిన్న ముక్క. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ఒక మాట గట్టిగా చెబుతాను. అసలు సాఫ్ట్‌వేర్ లోపల చెయ్యి పెట్టకండి. మీకు కావలసింది పక్కన తగిలించుకోండి. లోపల రాసింది ఏదైనా తర్వాతి అప్‌డేట్‌తో తుడిచిపెట్టుకుపోతుంది. అప్పుడు ఏడ్చేది మీరు కాదు, దుకాణందారు.

ఆ ప్లగిన్ తగిలించాక పద్మ దుకాణం దారిలో పడింది. చేవెళ్ల చర్చిలకు ఆదివారం పూలు, ఫామ్‌హౌసుల్లో పెళ్ళిళ్ళకు దండలు, మెహదీపట్నం దాకా గుచ్ఛాలు. రెండేళ్ళు బాగా నడిచింది.

రాళ్ళవాన

ఎండాకాలం మొదట్లో ఒక గురువారం మధ్యాహ్నం. ఆ శనివారం మంచి ముహూర్తం. ఆ మరునాడే ఈస్టర్. రెండు రోజులకూ తోట ఇవ్వగలిగినన్ని ఆర్డర్లు నిండిపోయాయి. ఒక్కసారిగా మబ్బు పట్టి రాళ్ళవాన పడింది. మా రోడ్డు మీద రేకుల చప్పుడుకు పక్కమనిషి మాట వినబడలేదు. వాన తగ్గగానే పద్మ ఫోన్ చేసింది.

"సునందక్కా, దుకాణం బంద్ చెయ్యి. తోట పోయింది."

ముందు ఆ తర్వాతి తేదీలకు కూడా కొత్త ఆర్డర్లు రాకుండా ఆపాను. తర్వాత ఆటో ఎక్కి కనకమామిడి వెళ్ళాను. పాలీహౌస్ కప్పు చిరిగి పేలికలై వేలాడుతోంది. లోపల గులాబీలు తలలు తెగి బురదలో పడి ఉన్నాయి. నర్సింలు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన నన్ను చూసి లేవలేదు.

"అక్కా, నీకు దండం పెడ్త. సైట్ ఖరాబైందని చెప్పు. ఆర్డర్లు మాకు అందనే లేదని చెప్పు. రెండు దినాలు ఫోన్లు బంద్ పెడ్తం" అన్నాడు.

ఈ మాట నా వృత్తిలో చాలాసార్లు విన్నాను. ఏ ఇబ్బంది వచ్చినా సైట్ మీదికి నెట్టేయడం దుకాణందార్లకు అలవాటు. సైట్‌కు నోరు లేదు కదా. ఆ రోజు మాత్రం ఆ మనిషి ముఖం చూస్తే కాదనడానికి నాకు నోరు రాలేదు. ఎన్నో ఏళ్ళ కష్టం ఆయన కళ్ళ ముందు కుప్పగా పడి ఉంది.

పద్మే మాట్లాడింది. "సైట్ ఎందుకు ఖరాబైంది? మంచిగనే ఉన్నది. ఖరాబైంది మన తోట. గదే చెప్దం."

"చెప్తే ఊకుంటరా? పెండ్లిళ్ళోళ్ళు మన మీదికి వస్తరు."

"రానీ. ఇయ్యాల చెప్తే వాళ్ళకు రేపు ఒక దినం ఉంటది, ఏదన్న ఏర్పాటు చేస్కుంటరు. ఫోన్లు బంద్ పెడ్తే శనారం పొద్దున పూలకు ఎదురు చూసుకుంట కూసుంటరు. ఒక పిల్ల పెండ్లిల గట్ల చేస్తే మనకు మంచిదా?"

నర్సింలు లేచి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "షాబాద్ దిక్కు రాళ్ళు పడలేదంటున్నరు. మా బామ్మర్ది చామంతి పెట్టిండు. ఆ ఊర్ల ఇంకిద్దరికి బంతి ఉన్నది. పోయి అడిగొస్త" అని బండి తీశాడు.

రాళ్ళవాన అట్లాగే ఉంటుంది. ఒక ఊరిని తుడిచిపెట్టి పక్క ఊరిని వదిలేస్తుంది. సాయంత్రానికి షాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. బంతి, చామంతి కావలసినంత ఇస్తామన్నారు.

పూలు దొరికాయి. ఇప్పుడు పని నా మీద పడింది. ఒక్కొక్కరికీ సంగతి చెప్పాలి. గులాబీల బదులు చామంతులు తీసుకుంటారా, లేక ఆర్డర్ రద్దు చేసుకుంటారా అని అడగాలి. వాళ్ళు చెప్పినదాన్ని బట్టి ఆర్డర్ మార్చాలి. మా సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి ఖరారైన ఆర్డర్‌ను మార్చడం కష్టం. రద్దు చేసి కొత్తగా రాయాలి. అన్నింటినీ చేత్తో చేస్తూ కూర్చుంటే శనివారం దాటిపోతుంది.

ప్లగిన్ వాడేవాళ్ళు మాట్లాడుకునే ఫోరమ్‌లో సంగతి రాశాను. రాళ్ళవాన, పెళ్ళిళ్ళు, పోయిన గులాబీలు, అన్నీ ఉన్నదున్నట్టు రాశాను. ఇంటికి వెళ్ళి అన్నం తినేలోపే ఆ పోర్చుగల్ ఆయన జవాబు వచ్చింది. ఒకసారి వాళ్ళ పొయ్యి పాడై రొట్టెలు కాలలేదట. అప్పుడు కొన్నవాళ్ళను బిస్కెట్లు తీసుకుంటారా అని అడగడానికి ఒక చిన్న ప్రోగ్రామ్ రాసుకున్నాడు. నలుగురికీ పనికొస్తుందని అనుకోక పక్కన పడేశాడట. దాన్ని పంపుతూ కింద రెండు వాక్యాలు రాశాడు. "ఇది అందంగా లేదు, పని చేస్తుంది. మీ తోట గురించి విని నా భార్య చాలా బాధపడుతోంది."

ఆ రెండో వాక్యాన్ని రెండుసార్లు చదివాను.

శుక్రవారం

పొద్దున్నే ఆయన పంపిన ప్రోగ్రామ్‌ను దుకాణం నకలులో పెట్టి చూశాను. ప్రతి దుకాణానికీ పక్కన అచ్చంగా అట్లాంటిదే ఒక నకలు ఉంచుకోవాలి. ఏ మార్పైనా ముందు అందులో చేసి చూసి, ఆ తర్వాతే అసలు దుకాణంలో పెట్టాలి. ఎంత తొందర ఉన్నా ఈ మెట్టు దాటవేయకూడదు. తొందర ఉన్న రోజునే అది ఎక్కువ అవసరం. నా పేరు మీదే ఒక ఆర్డర్ పెట్టి, చామంతికి మార్చి చూశాను. మారింది. అసలు దుకాణంలో పెట్టి, లాప్‌టాప్ పట్టుకుని తోటకు వెళ్ళాను.

పంపే మాట పద్మే చెప్పింది, నేను టైపు చేశాను. "మా తోట మీద రాళ్ళవాన పడ్డది. గులాబీలు పోయినయి. షాబాద్ నుంచి మంచి చామంతులు, బంతిపూలు తెస్తున్నం. మీకు ఇష్టమైతే అవి ఇస్తం. వద్దంటే మీ పైసలు వాపస్ పంపుతం. మమ్మల్ని మాఫ్ చేయున్రి." దాన్ని పుస్తకాల తెలుగులోకి మార్చబోతే పద్మ వద్దంది. "నేను మాట్లాడినట్లే ఉండాలక్కా. లేకుంటే కంపెనీ వాళ్ళు పంపిన్రనుకుంటరు."

జవాబులు రాసాగాయి. చాలామంది చామంతులు సరేనన్నారు. కొందరు రద్దు చేసుకున్నారు. వాళ్ళలో కొంతమంది మళ్ళీ ఎన్నడూ రాలేదు. జవాబు ఇవ్వనివాళ్ళకు పద్మ ఫోన్ చేసింది. చేవెళ్ల పక్క చర్చి అయ్యగారు సంగతి విని, "చామంతులైతే ఏమాయె? ప్రభువు గులాబీలే గావాలన్నడా?" అని నవ్వారట. ఆ రోజు పద్మ ముఖంలో నవ్వు చూసింది అప్పుడే.

మెహదీపట్నంలో ఒక పెళ్ళికూతురి తల్లి మాత్రం మండిపడింది. ఫోన్ నుంచి ఆమె గొంతు నాకూ వినబడుతోంది.

"మండపమంత ఎర్ర గులాబీలు గావాలని నా బిడ్డ నెల సంది చెప్తున్నది. ఇప్పుడు బంతిపూలంటే నేనేం చెయ్యాలె?"

"అమ్మా, మీ బిడ్డకు గులాబీలే గావాలంటే నేను జాగ చెప్త" అంది పద్మ. "పూలమండిల లోపలి వరసల ఒకాయన ఉంటడు. మాకు తెల్సినాయన. నేనిప్పుడే ఫోన్ చేసి మీ పేరు చెప్త, పక్కకు తీసి పెడ్తడు. నా పేరు చెప్తే ఎక్కువ తీసుకోడు."

అవతల ఆమె గొంతు మారింది. "మీ తోటల ఎవ్వలికన్న దెబ్బలు తాకినయా అమ్మా?"

అప్పటిదాకా గట్టిగా ఉన్న పద్మ అప్పుడు ఏడ్చింది. అంతసేపట్లో ఆ ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే. చివరికి ఆ తల్లి ఎర్ర గులాబీలు మండిలో కొనుక్కుని, గుమ్మాలకు బంతి దండలు మాత్రం పద్మ దగ్గరే తీసుకుంది.

నర్సింలు ట్రాలీ ఆటో నిండా పూలతో వచ్చాడు. ఊరి ఆడవాళ్ళు షెడ్డులో వరసగా కూర్చుని దండలు కట్టారు. నేను ఒక మూల లాప్‌టాప్ పెట్టుకుని ఏ దండ ఎవరికో చదువుతూ పోయాను. శనివారం తెల్లవారి బండ్లు బయల్దేరాయి. ఇస్తామన్న ప్రతి ఇంటికీ పూలు చేరాయి.

అంతా బాగైపోయిందని చెప్పను. కప్పు మళ్ళీ వేయించి గులాబీలు చేతికి రావడానికి చాలా కాలం పట్టింది. ఆ మధ్యలో వాళ్ళు షాబాద్ పూలు అమ్మి బతికారు. కాని దుకాణం మూతపడలేదు. పైగా ఆ తర్వాత పద్మ నన్ను ఒకటి అడిగింది. సైట్ మొదటి పేజీలో రోజూ తను ఒక మాట రాసుకోవడానికి చోటు కావాలట. పెట్టి ఇచ్చాను. "ఇయ్యాల మబ్బున్నది, గులాబీలు జర తక్కువ." "చామంతి మస్తుగ వచ్చింది, ఎవరికన్న కావాల్నా?" ఇట్లా రాస్తుంది. ఏమీ కొనకపోయినా అది చదవడానికే రోజూ వచ్చేవాళ్ళున్నారని లెక్కలు చూసినప్పుడు తెలిసింది. నేను పెట్టిన ఖరీదైన హంగులకన్నా ఆ ఒక్క వాక్యమే ఆ దుకాణాన్ని నిలబెట్టింది.

తీసుకున్నది తిరిగి ఇవ్వడం

కొన్నేళ్ళకు ఆ పోర్చుగల్ ఆయన ఫోరమ్‌లో ఒక మాట రాశాడు. భార్యకు ఒంట్లో బాగుండటం లేదు, రొట్టెల దుకాణం మూసేశారు, ప్లగిన్‌ను ఇక చూసుకోలేను, ఎవరైనా తీసుకుంటారా అని. నేను తీసుకుంటానన్నాను. అది చూసి నాతో పనిచేసే రజిత, చేవెళ్ల అమ్మాయి, ఆశ్చర్యపోయింది.

"అక్కా, దానికి పైసా రాదు. మన పనికే టైమ్ లేదు. ఎందుకు నెత్తికెత్తుకున్నవ్?"

"ఆ గురువారం ఆయన గూడ గట్లనే అనుకుంటే ఎట్లుండె?" అన్నాను.

ఆ వారం నుంచి రజిత కూడా ఒక చెయ్యి వేసింది.

కొత్తది తయారుచేయడానికి అందరూ ముందుకొస్తారు. దాన్ని ఏళ్ళ తరబడి చూసుకునేవాళ్ళు తక్కువ. అసలు సాఫ్ట్‌వేర్ మారిన ప్రతిసారీ ప్లగిన్ పనిచేస్తుందో లేదో చూడాలి. అడిగిన ప్రశ్నే మళ్ళీ మళ్ళీ అడుగుతారు, విసుక్కోకుండా జవాబు రాయాలి. నేను ఎన్నడూ పేరు వినని ఊళ్ళ నుంచి రాసేవాళ్ళు. చేపలు అమ్మేవాళ్ళు, పెరుగు అమ్మేవాళ్ళు, ఇంట్లో వండి పంపేవాళ్ళు. ఒకావిడ, తన భర్త పడవ ఏ రోజు చేపలు తెస్తుందో తెలియదని, సైట్‌కు ఎట్లా చెప్పాలని అడిగింది. నవ్వుకుంటూ ఆమెకు మా పద్మ సంగతి రాశాను.

దుకాణందార్లతో నాకు గొడవలు రాలేదని కాదు. గంట పనిని నెల పనిగా చూపించే తోటి డెవలపర్లను చూశాను, నెల పనిని గంటలో చెయ్యమనే యజమానులను చూశాను. బ్యాకప్ తీశామంటారు గాని, దాన్ని తిరిగి పెట్టి చూశారా అని అడిగితే నేల చూపులు చూసేవాళ్ళు ఎందరో. అట్లాంటివాళ్ళ గురించి రాయాలంటే ఇంకో ఇంత అవుతుంది. కాని వెనక్కి తిరిగి చూస్తే వాళ్ళు గుర్తుకు రారు. చాయ్ తాగి దుకాణంలో కూర్చోమన్న జబ్బార్ సార్, ఉన్నదున్నట్టు చెబుదామన్న పద్మ, షాబాద్ దాకా బండి తీసిన నర్సింలు గుర్తుకొస్తారు. వాళ్ళ మధ్య పనిచేసే భాగ్యం కలిగింది.

మానేసేటప్పుడు దుకాణాలన్నీ రజితకు అప్పగించాను. ప్లగిన్ మాత్రం ఇంకా నా దగ్గరే ఉంచుకున్నాను. అలవాటు పోదు కదా. మొన్న పొద్దున చాయ్ తాగుతూ ఫోరమ్ తెరిస్తే కొత్త ప్రశ్న ఒకటి కనబడింది. ఎక్కడో మామిడిపళ్ళు అమ్మే ఒకాయన, చెట్టు మీద ఉన్న కాయను ఎట్లా అమ్మాలని అడుగుతున్నాడు. జవాబు రాద్దామని పేజీ కిందికి వెళ్ళాను. అప్పటికే ఎవరో రాసేశారు. నాకు తెలియని పేరు, నాకు తెలియని దేశం. ఓపికగా, ఒక్కో మెట్టూ విడమరిచి, నాకంటే బాగా రాశారు. చివర్న "మీ తోటలో ఈసారి కాపు ఎట్లా ఉంది?" అని అడిగారు.

నేను చేర్చవలసింది ఏమీ మిగల్లేదు. లాప్‌టాప్ మూసి చాయ్ తాగడం ముగించాను.